అసిరమ్మకి ఎవరు ఏడుస్తారు?

హిందీవాళ్ళ మధ్య ఉన్న రైల్వే బస్తీ బాగ్‌బేరాలో తెలుగువాళ్ళ ఇంట ఎవరైనా పోతే, కట్టెలకి మనిషిని పంపడం తర్వాత సంగతి. ముందు అసిరమ్మకి కబురు వెళ్ళాల్సిందే. ఆవిడ వచ్చి శవం కాళ్ళ దగ్గర చతికిలబడి, కొంగు దులుపుకుని గొంతెత్తేదాకా ఆ ఇంట్లో ఏడుపుకి ఓ దారీ తెన్నూ ఉండేది కాదు. ఆడవాళ్ళు తలో మూలా ముక్కు చీదుకుంటూ ఉండేవారు. అసిరమ్మ రాగం తీసిందంటే మాత్రం, అప్పటిదాకా గోడకి ఆనుకుని బీడీ కాల్చుకుంటున్న మగాళ్ళు కూడా మొహం పక్కకి తిప్పుకోవలసి వచ్చేది.

పోయినవాడి ఊరు, పేరు, తిన్న తిండి, పడ్డ పాట్లు అన్నీ వరసలో పెట్టి పాడేది. పెళ్ళాన్ని గొడ్డుని బాదినట్టు బాదిన వరహాలు పోయినప్పుడు ఆ ముక్క కూడా రాగంలో పెట్టేసింది. అదేమిటమ్మా అంటే, శవం ముందర కూడా అబద్ధమాడితే ఇంకెక్కడ నిజం చెబుతామంది. ఆవిడ నోటికి జడవనివాళ్ళు బస్తీలో లేరు. ఆవిడ ఏడుపు లేకుండా పోవాలని కోరుకున్నవాళ్ళూ లేరు.

అలాంటి మనిషికి ఒకటే దిగులు. తనకి ఎవరు ఏడుస్తారు?

నవ్వుకోకండి. కొరివికి కొడుకు, ఏడుపుకి కూతురు అంటారు ఆ బస్తీవాళ్ళు. అసిరమ్మకి ఐదుగురు పుట్టి నలుగురు పోయారు. మిగిలినవాడు పోలయ్య. ఇరవై ఏళ్ళ కిందట రైల్వేలో ఖలాసీ ఉద్యోగం దొరికితే, శ్రీకాకుళం వైపు పల్లె నుంచి తల్లిని కూడా వెంటబెట్టుకుని వచ్చేశాడు. కొడుకు బంగారం. కోడలు నూకమ్మ కూడా మంచిదే కానీ, కోడలు ఏడుపు సంగతి అందరికీ తెలిసిందేగా. అత్త చచ్చిన ఆరు నెలలకి కోడలి కంట నీళ్ళొచ్చాయట! ఆ సామెత నూకమ్మ వినేలా రోజుకోసారి వల్లించేది అసిరమ్మ. నూకమ్మ విననట్టు బియ్యం ఏరుకునేది.

ఇక మిగిలింది మనవరాలు జగదాంబ. పదిహేనేళ్ళ పిల్ల. ఆ పిల్లకి గొంతుంది. ఆ సంగతి అసిరమ్మ చెవి ఎప్పుడో పట్టేసింది. కానీ ఏం లాభం? పిల్ల చదివేది హిందీ బడి, ఆడుకునేది హిందీ పిల్లలతో, తెలుగులో అడిగితే హిందీలో జవాబు. పోలయ్య ఇత్తడి రంగు ముఖమున్న ట్రాన్సిస్టర్ కొన్న దగ్గర్నుంచీ బడి నుంచి రాగానే దాని ముందే కూర్చునేది.

"ఓలె గుంటా, ఆడికేటొచ్చింది? ఎవులు సచ్చిపోనారే?" అని అడిగేది అసిరమ్మ, రేడియోలో ఎవరో గొంతు వణికిస్తుంటే.

"కోయీ నహీ మరా మామ్మా. ఎవరూ పోలేదు. ప్రేమించిన పిల్ల వెళ్ళిపోయిందట."

"పిల్ల ఎల్లిపోతేనే ఇంతేడుత్తన్నాడు, పెల్లాం సత్తే ఏటి సేత్తాడే?"

ఎగతాళి చేసింది గానీ ఆవిడ అక్కడినుంచి లేచిపోలేదు. చేటలో పప్పు అలాగే ఉంచుకుని వింటూనే ఉంది. మాట ఒక్కటి అర్థం కాకపోయినా, ఎక్కడ ఊపిరి తీస్తున్నారో, ఎక్కడ గొంతు జారుస్తున్నారో పట్టేసేది. హుషారు పాటలు వస్తే "ఇది నాట్లేసీ పాట, కట్టీయే" అనేది. ఏడుపు పాట వస్తే చెవి రేడియోకి ఆనించేది. "ఈ గుంట బాగా ఏడుత్తాది. అరవడం నేదు సూడు. ఆగాల్సినకాడ ఆగింది. నాను సెప్పింది అదే." ఏనాడూ ముఖం చూడని గాయనిని అసిరమ్మ తన తోటిదానిగా లెక్కలో వేసేసుకుంది. జగదాంబకి గర్వంగా ఉండేది. బడిలో స్నేహితురాళ్ళ ముసలమ్మలు రేడియో కట్టేయమని పోరుతుంటే, తన మామ్మ మాత్రం గొంతు పెంచమంటుంది.

ఒకనాడు అసిరమ్మ సూటిగానే అడిగేసింది. "నాను పోతే నువ్వు ఏడుత్తావా, రాగం తీసి?"

"ఛీ మామ్మా! యే రోనా ధోనా ముఝ్‌సే నహీ హోగా. నాకు రాదు."

రాదంటే నేర్పొచ్చు కదా అంటారేమో. అక్కడే ఉంది తిరకాసు. శవం లేని ఇంట్లో శోకం పాడకూడదు. పాడితే చావుని పేరుపెట్టి పిలిచినట్టే. అసిరమ్మ తల్లి దగ్గర నేర్చుకున్నది కూడా చావు జరిగిన ఇళ్ళలోనే, ఎదురుగా నిజం శవం ఉండగానే. ఇంట్లో కూర్చోబెట్టి చెప్పడానికి అవేమైనా ఎక్కాలా? పెళ్ళికాని పిల్లని చావింటికి తీసుకెళ్దామంటే నూకమ్మ చీపురు తిరగేస్తుంది.

రెండు నెలలు ఆలోచించింది ముసల్ది. ఆ చలికాలం రేడియోలో ఒక పాట రోజూ వస్తూ ఉండేది. నెమ్మదైన వరస, చివర కిందికి జారిపోతుంది. జగదాంబకి ప్రాణం ఆ పాటంటే. ఒక మధ్యాహ్నం నూకమ్మ కుళాయి దగ్గరికి వెళ్ళగానే అసిరమ్మ మనవరాలిని దగ్గరికి పిలిచింది.

"ఆ పాట వరస తియ్యి. మాటలు నాను సెప్తాను."

పిల్ల వరస తీసింది. ముసల్ది మాటలు అందించింది.

*ఏరు దాటి వచ్చినావు మామ్మా, ఊరు మరిసి బతికినావు మామ్మా*
*బొగ్గుపొయ్యి ఊదినావు మామ్మా, బువ్వ మాకు పెట్టినావు మామ్మా*

జగదాంబ ఠక్కున ఆపేసింది. "మామ్మా, ఇది శోకం కదా!"

"కాదే! సినిమా పాట. సినిమా పాటకి మైల నేదు" అంది అసిరమ్మ. దేవుణ్ణి కూడా బోల్తా కొట్టించానన్న ధీమా ఆ ముఖంలో.

అలా మొదలైంది. ఏడాదిపాటు, నూకమ్మ ఇంట్లో లేనప్పుడల్లా, తన చావుకి తానే మాటలు కట్టుకుని మనవరాలి నోట పాడించుకుంది అసిరమ్మ. "ఈడ ఊపిరి తియ్యకు, తెగిపోద్ది" అనేది. "ఈడ నా పేరెట్టు" అనేది. మొదట్లో భయపడ్డ పిల్లకి తర్వాత సరదా పుట్టింది. తానూ మాటలు కట్టసాగింది. తెలుగు మాట తట్టకపోతే హిందీ మాట వేసేది. అసిరమ్మ ఒప్పుకునేది, వరస చెడకపోతే ఏ మాటైనా ఒకటేనంటూ. పోలయ్యకి ఈ గొడవేమీ తెలియదు. తన తల్లీ, తన కూతురూ ఒక పాట మీద కలిశారని మాత్రం మురిసిపోయాడు. ఆ వరస అతనికీ అంటుకుంది. బూట్లు తొడుక్కుంటూ, సైకిలెక్కుతూ కూనిరాగం తీసేవాడు. "మామ్మా" అన్నచోట "అమ్మా" అని మార్చుకుని పాడేవాడు.

డెబ్బై తొమ్మిది వేసవిలో పోలయ్య కళ్ళు పచ్చబడ్డాయి. పచ్చకామెర్లన్నారు. పసరు మింగించారు, మంత్రం వేయించారు, ఆఖరికి ఆసుపత్రిలో పడుకోబెట్టారు. పదిహేడో రోజు పొద్దున్నే ఇంటికి తెచ్చారు. నలభై రెండేళ్ళు. ఏం వయసండీ అది!

వాకిట్లో దించారు. నూకమ్మకి తెలివి తప్పింది. ఆడవాళ్ళంతా వచ్చి చుట్టూ కూర్చుని అసిరమ్మ వైపు చూశారు. ఆవిడ కొడుకు కాళ్ళ దగ్గర కూర్చుంది. కొంగు దులుపుకుంది. నోరు తెరిచింది.

గొంతు రాలేదు.

"రాగం ఎత్తప్పా" అంది పొరుగింటి దాలమ్మ మెల్లగా. అసిరమ్మ మళ్ళీ నోరు తెరిచింది. ముప్ఫై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ కొడుకులకి మాటలు వెతికిపెట్టిన నోరు, సొంత కొడుకు పేరు కూడా పలకలేకపోయింది. పాదాలు పట్టుకుని అలా చూస్తూ ఉండిపోయింది. ఎండ ఎక్కుతోంది. అవతల మగాళ్ళు పాడె కట్టేశారు. ఏడుపు లేని శవాన్ని ఎత్తడమేమిటని ఆడవాళ్ళు గుసగుసలాడుకున్నారు. నాకు ఏడ్చేవాళ్ళు లేరని దిగులుపడ్డాను గానీ నా బిడ్డ మూగగా వెళ్ళిపోతున్నాడే అని అసిరమ్మ లోలోపల కొట్టుకుంటోంది. ఆ మాట కూడా పైకి రావడం లేదు.

అప్పుడు గడప దగ్గర నుంచి రాగం లేచింది.

జగదాంబ. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ ఆపలేదు. ఆ పిల్లకి వచ్చిన శోకం ఒక్కటే. కళ్ళు మూసుకుని అదే వరస ఎత్తుకుంది. ఏడాదిగా అలవాటైన నోరు, అలవాటైన మాటే అంది.

*ఏరు దాటి వచ్చినావు మామ్మా...*

వాకిలంతా చలించిపోయింది. బతికున్న మనిషిని పిలిచి శోకం పాడటమా! "ఓలమ్మో, నోరు ముయ్యే గుంటా!" అని దాలమ్మ కేక పెట్టింది. జగదాంబ కళ్ళు తెరిచి, తానేమందో తెలిసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అసిరమ్మ తల ఎత్తింది. తన శోకం తన చెవులతో వింది ఆవిడ. "ఆపకే తల్లీ" అంది, అప్పటికి పెగిలింది గొంతు. "తప్పు అననేదు నువ్వు. ఆ సావు నాకే రావాల. ఆడి కన్నా ముందు నాకే రావాల. పాడమ్మా."

జగదాంబ పాడింది. ఈసారి "అయ్యా" అంది. రైలు దీపం పట్టినావు అయ్యా అంది, రాత్రి డ్యూటీ చేసినావు అయ్యా అంది, బడికి నన్ను సైకిలెక్కించినావు అయ్యా అంది. మధ్యలో హిందీ మాటలు దొర్లాయి. ఒక్కరూ నవ్వలేదు. ప్రతి చరణం చివర కిందికి జారే చోట అసిరమ్మ గొంతు కలిపింది. ఎప్పుడూ ముందుండి నడిపించిన గొంతు ఆరోజు మనవరాలి వెనకాల నడిచింది. పోలయ్య మూగగా వెళ్ళలేదు.

దినాలు అయిపోయాయి. చుట్టాలు వెళ్ళిపోయారు. జగదాంబ ట్రాన్సిస్టర్‌ని గోనెసంచీలో చుట్టి అటక మీద పడేసింది. పాట మాటెత్తితే లేచి వెళ్ళిపోయేది. అసిరమ్మ వారం రోజులు చూసింది. ఓ సాయంత్రం వాకిట్లో పిల్ల ఒక్కతే ఉంటే పక్కన కూర్చుని, ఏమయిందని అడిగింది.

 పిల్ల ఆరోజు హిందీలో కాదు, తెలుగులోనే చెప్పింది. "మనమే పిలిచాం మామ్మా. శవం లేకుండా ఏడాది పాడాం. అయ్య కూడా పాడుకున్నాడు కదా, సైకిల్ మీద. తన శోకం తనే పాడుకున్నాడు. నేనింక పాడను. నీకు కూడా పాడను."

 అసిరమ్మ కూడా రాత్రీ పగలూ అనుకుంటున్నది అదే. దేవుణ్ణి బోల్తా కొట్టించబోయి కొడుకుని చావుకి ఒప్పజెప్పానని. తల్లి చెప్పింది, తల్లికి ఆమె తల్లి చెప్పింది, పుట్టి బుద్ధెరిగాక ఒక్కనాడూ అనుమానించని మాట అది. దాన్ని కాదనాలంటే మొత్తం బతుకునే కాదనాలి. కానీ ఈ పిల్లకి పదహారేళ్ళు. ఈ బరువు ఎత్తుకుని ఎంత దూరం నడుస్తుంది?

"ఓలె, ఇలగ సూడు" అంది. "ముప్పై ఏల్లు పాడినాను నాను. లేవరా, రారా, ఎనక్కి తిరగరా అని ఎంతమందిని పిలిసినాను! ఒక్కడైనా లేచొచ్చినాడా? పాటకి సావుని పిలిసీ బలముంటే, పోయినోన్ని పిలిసీ బలం ఉండదేటే? పాటకి ఆ బలం నేదు. మీ అయ్య కామెర్లొచ్చి పోనాడు."

జగదాంబ ఆవిడ ముఖంలోకి చూసింది, నిజమేనా అన్నట్టు.

"నాకు ఏడవొద్దులే. నాను ఊరికే ఎల్లిపోతాను. నువ్వు మాత్తరం పాట మానీకు" అంది అసిరమ్మ.

అంతే, పిల్ల ఆవిడ ఒళ్ళో పడి భోరుమంది. వరసా లేదు, మాటా లేదు, ఎక్కడ ఆగాలో తెలియని ఏడుపు. అసిరమ్మ ఆ వీపు మీద చెయ్యి వేసి, కొడుకు పోయిన ఇన్ని రోజులకి తానూ ఏడ్చింది. వాకిట్లో పోయేవాళ్ళు చూస్తున్నా ఆగలేదు. ఆ ఏడుపులో రాగం లేదు.