రెండో సీసా

మా మందుల ఫ్యాక్టరీలో సీసాలు చూసే ఆవిడను అందరం డేగకన్ను అనేవాళ్లం. తెల్లటి లైటు ముందు సిరప్ సీసాలు సెకనుకు మూడు చొప్పున పరిగెడతాయి. నలక గానీ గాజుపెంకు గానీ కనిపిస్తే కాలికింది పెడల్ తొక్కాలి, ఆ సీసా పక్కకు పడిపోతుంది. పన్నెండేళ్లలో ఒక్క చెడ్డ సీసా ఆమె కన్నుగప్పి పోలేదు. పక్కన పిడుగు పడ్డా తల తిప్పేది కాదు. నేను ఆ లైనుకు సూపర్‌వైజర్ని. నాది నోటి దురుసు.

ఒకరోజు గాజుపెంకున్న సీసా ఆమెను దాటిపోయి ప్యాకింగులో దొరికింది. కెమెరాలో వెతికాం. దాని ముందు సీసాలో నలకను చూసి ఆమె ఠక్కున పెడల్ తొక్కింది. వెనకే పెంకు సీసా దర్జాగా వెళ్లిపోయింది. కెమెరా వీపు వైపు ఉంది, కళ్లు కనిపించవు.

"రెప్ప కూడా వేయలేదన్నా. ఆ సీసా నా ముందుకే రాలేదు," అంది.

వచ్చిన సీసా రాలేదంటే ఒళ్లు మండదా? నిద్రపోయావని పదిమందిలో కడిగేశాను. అలా రాసి సంతకం పెడితేనే ఉద్యోగం అన్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు మరి. రెండు రోజులు మొండికేసి, మూడోరోజు పెట్టింది. లేబుళ్ల గదికి మార్చేశాను.

నాలుగేళ్లకు, మనుషులు చాలక ఆ స్టూలు మీద నేనే కూర్చోవాల్సి వచ్చింది. పరీక్ష కోసం మధ్యమధ్య చెడ్డ సీసాలు కలిపి పంపుతుంటారు. ఒకటి పట్టి మురిసిపోయాను. దాని వెనకే ఇంకోటి పోయిందంటే నమ్మలేదు, మళ్లీ పంపమన్నాను. పదిసార్లలో ఏడుసార్లు ఆ రెండోది నాకు కనిపించనేలేదు. కాస్త ఎడంగా వస్తే రెండూ దొరికాయి. వెంటవెంటనే వస్తే, కన్ను తెరిచే ఉన్నా మనసు మొదటిదాని దగ్గరే ఆగిపోతోంది. తనదాకా వస్తేగాని తెలియదంటారు. సిగ్గుతో చచ్చిపోయాను.

అప్పటికప్పుడే లేబుళ్ల గదికి వెళ్లి ఆమెకు అంతా చెప్పాను. తప్పు నీది కాదమ్మా, నాది, ఆ కాగితం నేనే తీయించేస్తానన్నాను. ఆమె చేతిలోని లేబుళ్ల కట్ట బల్లమీద పెట్టింది.

"నిద్రపోలేదా నేను?" అని అడిగింది. "నాకే తెలియకుండా నిద్రపోయాననే అనుకున్నానన్నా. నాలుగేళ్లయింది, నా చిన్నదాన్ని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి."