మేనేజర్ బాబాయ్ నీళ్లలోకి దిగిన వైనం

ఆ రేవు పట్నంలో నీటి సరఫరా ఆఫీసు గడప తొక్కిన ప్రతివాడికీ బాబాయ్ తెలుసు. ఫిర్యాదుల కిటికీ వెనక కూర్చునేది ఆయనే. కుళాయిలో నీళ్లెందుకు రావడం లేదో తేల్చుకుందామని చొక్కా చేతులు మడుచుకుంటూ వచ్చిన మనిషి, ఆయన మాటలు విన్నాక, తప్పేదో తన ఇంట్లోనే ఉందనుకుంటూ తిరిగి వెళ్లేవాడు. నేల వాలు గురించి, పైపుల వయసు గురించి, పైపుల్లో ఇరుక్కునే గాలి గురించి ఆయన అంత ఓపిగ్గా చెప్పేవాడు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నీళ్ల గురించి మాట్లాడటమే తప్ప మోకాలు దాటి నీళ్లలోకి దిగి ఎరగడు. ఈత రాదు. పడవంటే ఒడ్డున నిలబడి చూసేదన్నంత వరకే ఆయన పరిచయం.

వరసకి ఆయన ఒక్క అమ్మాయికే బాబాయ్. అన్నగారి కూతురు. మనిషి చిన్నది కావడంతో సెయిలింగ్ క్లబ్బులో ఆమెని అందరూ పిచ్చుక అనేవారు. ఇద్దరు కూర్చునే చిన్న పోటీ పడవలో చుక్కాని పిచ్చుకది. తాళ్లు లాగుతూ, గాలి ఎక్కువైనప్పుడు ఒళ్లంతా పడవ బయటికి వాల్చి దాన్ని బోర్లా పడకుండా కాచే పని ఆమె జోడీది. ఆ కుర్రాడి పొడుగు చూసి అతనికి నిచ్చెన అని పేరు పెట్టారు. పిచ్చుక పిలుపు విని విని క్లబ్బంతా, వయసులో పెద్దవాడైన అధ్యక్షుడితో సహా, ఆయన్ని బాబాయ్ అనే అనేది. నిజానికి ఆయన క్లబ్బులో సభ్యుడే కాదు. అయినా ఏ సభ జరిగినా మైకు ఆయన చేతిలోనే ఉండేది.

ఆ ఏడు ఒక చలిదేశంలో కుర్రకారుకి పెట్టే చలికాలపు పడవ పందేలకి పిచ్చుక, నిచ్చెన ఎంపికయ్యారు. పిల్లల వెంట ఇద్దరు పెద్దవాళ్లు రావచ్చన్నారు. ఆ ఇద్దరిలో ఒకరు అధ్యక్షుడన్న సంగతి చర్చకే రాలేదు. రెండో చోటుకి, క్లబ్బు పిల్లలకి పడవ నేర్పే కోచ్ పేరు ఎవరో చెప్పారు. అధ్యక్షుడు కళ్లద్దాలు తీసి, కోచ్ వెళ్లిపోతే ఇక్కడి పిల్లల గతేమిటని బాధపడ్డాడు. ఆ పిల్లల మీద ఆయనకి అంత బెంగ ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. కోచ్ చెప్పేదేదో ఫోన్లో చెప్పొచ్చని తేల్చారు. అధ్యక్షుడికి కావలసింది పరాయి దేశంలో తన గురించి నాలుగు మంచి ముక్కలు చెప్పే మనిషి. అలా బాబాయ్ టీమ్ మేనేజర్ అయ్యాడు.

కోచ్ నొచ్చుకున్నాడు. పిల్లలకి మందపాటి గ్లౌజులు మాత్రం కొనమన్నాడు. కమిటీ కూర్చుని, బాగా ఆలోచించి, నలుగురికీ క్లబ్బు ముద్ర ఉన్న కోట్లు కుట్టించింది. గ్లౌజులు కొనిచ్చింది క్లబ్బేనని ఫొటోలో ఎవడికి తెలుస్తుంది?

పదవి వచ్చాక బాబాయ్ ఊరికే కూర్చోలేదు. పిల్లలకి చలి అలవాటు చెయ్యాలని చేపల రేవులోని ఐసు ఫ్యాక్టరీ యజమానితో మాట్లాడాడు. సాయంత్రం కాగానే పిచ్చుక, నిచ్చెన ఐసు దిమ్మలకీ చేపల పెట్టెలకీ మధ్య నిలబడి వణికేవారు. బాబాయ్ తలుపు బయట ఎండపొడలో నిలబడి ఉపన్యసించేవాడు. "చలి ఒంట్లో ఉండదమ్మా, మనసులో ఉంటుంది. మనసులోంచి దులిపేసుకుంటే ఇక చలెక్కడిది?" వారం తిరక్కుండా పిచ్చుకకి జలుబు చేసింది. పత్రికలో ఫొటో కూడా పడింది. అందులో బాబాయ్, ఓ పెద్ద చేప స్పష్టంగా కనిపించారు. నిచ్చెన మోచెయ్యి ఒకటి పక్కన కనిపించింది.

పెట్టె సర్దుతూ పిన్ని, అంటే బాబాయ్ భార్య, ఒక్క మాట అడిగింది.

"అక్కడ మీరు చేసే పనేమిటండీ?"

"మేనేజ్ చెయ్యడం."

"దేన్ని?"

పెట్టెకి తాళం సరిగ్గా పడటం లేదంటూ ఆయన దాని మీద కూర్చున్నాడు.

చలిదేశంలో విమానం దిగి బయటికి రాగానే బాబాయ్ ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు. తెల్లటి ఆవిరి వచ్చింది కానీ మాట రాలేదు. ఆయన నోరు ఆయనకి ఎదురు తిరగడం అదే మొదటిసారి.

పందేలు జరిగే సరస్సు పక్కన ఓ అద్దాల గది ఉంది. లోపల వెచ్చగా, మెత్తటి కుర్చీలు, ఎప్పుడు కావాలంటే అప్పుడు కాఫీ. మేనేజర్లకి అది విడిది. అధ్యక్షుడూ బాబాయ్ కిటికీ దగ్గర కుర్చీలు చూసుకుని, క్లబ్బు కోట్లు తొడుక్కుని, అక్కడే స్థిరపడ్డారు. పిల్లలిద్దరూ ఊళ్లో అంగడికి పోయి అంట్లు తోముకునే పసుపుపచ్చ రబ్బరు తొడుగులు కొనుక్కుని, ఉన్ని చేతి తొడుగుల మీద వేసుకున్నారు. వాటితోనే పందెంలోకి దిగారు.

టీము ఫోను మేనేజర్ జేబులో ఉండాలన్నది అధ్యక్షుడి నియమం. కోచ్ ఊళ్లో కూర్చునే ఆ సరస్సు వాతావరణ సూచన చూసి ఫోన్ చేసి, గాలి ఎడమ ఒడ్డు మీద మలుపు తిరుగుతోంది, అటు పొమ్మను, అని రెండు ముక్కలు చెప్పేవాడు. ఆ రెండు ముక్కలూ బాబాయ్ నోట్లో పడి క్రమశిక్షణ, ఏకాగ్రత, దేశగౌరవం మీదుగా తిరిగి తిరిగి పిల్లల దగ్గరికి చేరేసరికి ఎడమ ఒడ్డు ఎక్కడో జారిపోయేది. పిల్లలు వరసగా చివరి నుంచి రెండో చోటో మూడో చోటో తెచ్చుకునేవారు. పెదాలు నల్లబడి గదిలోకి వచ్చిన పిచ్చుకకి సూపు గిన్నె పట్టుకోవడానికి వేళ్లు ముడుచుకునేవి కావు. రెండు మణికట్ల మధ్య గిన్నె ఇరికించుకుని తాగేది. బాబాయ్ చూశాడు. పాపం, అలిసిపోయిందనుకున్నాడు. మనసుని దులుపుకోవడం గురించి మళ్లీ చెప్పాడు. పిచ్చుక గిన్నెలోకి చూస్తూ ఊ కొట్టింది.

వారం మధ్యలో పిల్లలకి విశ్రాంతి రోజు వచ్చింది. ఆ పూట పందేలు నడిపే తెల్లజుట్టు ఆవిడ అద్దాల గదికి వచ్చి, ఇవాళ సరదాకి మేనేజర్ల పందెం ఉందని చెప్పింది. ప్రతి పడవలోనూ చుక్కాని పిల్లలదే, తాళ్లు మాత్రం మేనేజర్లు లాగాలి. అధ్యక్షుడికి తక్షణం నడుము పట్టేసింది. బాబాయ్ తన కిటికీ వెనక నేర్చిన విద్యంతా బయటికి తీశాడు. సాంకేతిక కారణాలన్నాడు, పరిశీలనలో ఉందన్నాడు, పై అధికారుల అనుమతి కావాలన్నాడు. ఆవిడ నవ్వుతూ అన్నీ విని, రబ్బరు సూటూ నీళ్లలో తేల్చే గాలి తొడుగూ ఆయన ఒళ్లో పెట్టి వెళ్లిపోయింది. ఫిర్యాదు చేసే జనం మధ్యనే గడిపిన ఆయనకి, నవ్వుతూ వినే మనిషిని ఎలా వదిలించుకోవాలో తెలియలేదు.

పెద్ద దిండుకి చిన్న గలేబు తొడిగినట్టు నిచ్చెన ఆయన్ని ఆ సూటులోకి కూరాడు. జిప్పు గొంతుదాకా లాగాక బాబాయ్, ఇందులోంచి బయటికి ఎలా రావాలని నీరసంగా అడిగాడు. ఆ సంగతి తర్వాత చూద్దామన్నాడు నిచ్చెన.

పడవ కదిలింది. పిచ్చుక మొదట మర్యాదగానే మాట్లాడింది. బాబాయ్ ఇటు జరగండి, ఆ తాడు కొంచెం వదలండి, కాలు అక్కడ పెట్టకండి అంటూ చెప్పింది. ఇంతలో గాలి ఒక్కసారి పక్కకి తిరిగింది.

"వంగు!"

అన్నగారి కూతురు తనని ఏకవచనంలో కసరడం ఆయనకి కొత్త. కోపం తెచ్చుకునే తీరిక లేక ముందు వంగాడు. తెరచాప అడుగున ఉండే దూలం నెత్తి మీదుగా రివ్వున పోయింది. వంగకపోతే కోపం పెట్టుకోవడానికి తల మిగిలేది కాదు. లేచి, సంబరంగా, తప్పు వైపున కూర్చున్నాడు. పడవ మెల్లగా, తాపీగా, పక్కకి ఒరిగి బోర్లా పడింది.

నీళ్లు మెడ దగ్గర సూటులోకి దూరాయి. అది చలి అని ఆయనకి వెంటనే తెలియలేదు. ఎవరో ఛాతీ మీద కూర్చుని ఊపిరి తీసుకెళ్లిపోతున్నారనిపించింది. అరుద్దామంటే గొంతు లేదు. మనసు ఎక్కడుందో వెతుక్కోవడానికి కూడా తోచలేదు. గాలి తొడుగు పుణ్యమా అని తేలుతున్నాడు కానీ, తేలుతున్నానన్న నమ్మకం లేదు.

"బాబాయ్, నన్ను చూడండి. ఇదిగో, ఈ అంచు పట్టుకోండి. వదలకండి. పడవ నేను లేపుతాను."

ఆ పిడికెడు పిల్ల బోర్లాపడ్డ పడవ అడుగు మీదకెక్కి, వెనక్కి వాలి, తన బరువంతా వేసి దాన్ని నిలబెట్టింది. తర్వాత ఆయన నడుము పట్టీ పట్టుకుని బస్తాని లాగినట్టు లోపలికి లాగింది. ఆయన పడవ అడుగున పడి ఉండి ఆమె చేతులు చూశాడు. పసుపుపచ్చ తొడుగు చిరిగి వేలాడుతోంది. తాడు పట్టుకున్న వేళ్లు తెల్లగా, కర్రముక్కల్లా ఉన్నాయి. తల ఎత్తి అడిగాడు.

"రోజూ ఇలాగే ఉంటుందా, అమ్మా?"

"లేదు బాబాయ్. ఇవాళ ఎండగా ఉంది కదా."

ఒడ్డుకి వచ్చేసరికి మిగతావాళ్లు కాఫీలు కూడా ముగించారు. అధ్యక్షుడు నడుము మరిచిపోయి కిటికీలోంచి చెయ్యి ఊపుతున్నాడు. అంత చక్కటి పందెం తనకి తప్పిపోయిందని బాబాయ్‌తో విచారంగా అన్నాడు. బాబాయ్‌కి చాలా చెప్పాలనిపించింది. పళ్లు టకటకలాడుతుంటే ఒక్క ముక్కా బయటికి రాలేదు. ఇన్నాళ్లూ ఇంత మాట్లాడిన తనకి, చెప్పవలసింది ఒకటి దొరికిన పూటే నోరు పని చెయ్యలేదే అని ఉడుక్కున్నాడు.

ఆ మర్నాటి నుంచి ఆయన అద్దాల గదిలో కనపడలేదు. ఊళ్లో తిరిగి పిల్లలకి సరైన గ్లౌజులు తెచ్చాడు. ఫోను తీసి పిచ్చుక చేతికిచ్చి, కోచ్‌తో నువ్వే మాట్లాడుకో, మధ్యలో నేనెందుకన్నాడు. పడవలు దిగే చెక్క వంతెన మీద కెటిల్‌తో నిలబడి, పిల్లలు రాగానే చేతుల మీద గోరువెచ్చటి నీళ్లు పోసేవాడు. వేరే దేశాల పిల్లలు కూడా చేతులు చాపితే వాళ్లకీ పోశాడు. అధ్యక్షుడు ఫొటోకి రమ్మని రెండుసార్లు కబురు చేశాడు. బాబాయ్ ఉన్ని టోపీ చెవుల మీదకి లాక్కున్నాడు. అద్భుతాలేమీ జరగలేదు. పిల్లలు చివరి పందెంలో ఏడో చోటు తెచ్చుకున్నారు, మొత్తం మీద కింది వరసలోనే ఉండిపోయారు. అయినా ఏడో చోటు అనగానే నిచ్చెన వంతెన మీద గంతులేసి జారిపడ్డాడు.

తిరిగొచ్చాక క్లబ్బులో సన్మానం పెట్టారు. చలితో తాను చేసిన పోరాటం గురించి అధ్యక్షుడు కాఫీలు చల్లారేదాకా మాట్లాడాడు. తర్వాత బాబాయ్‌కి మైకిచ్చారు. జనం కుర్చీల్లో సర్దుకుని, కాళ్లు చాపుకుని, సుదీర్ఘ ప్రసంగానికి సిద్ధమయ్యారు.

"నా చోట కోచ్ వెళ్లాల్సింది. వచ్చే ఏడు ఆయన్ని పంపండి" అని బాబాయ్ కూర్చున్నాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అది మొదలే అనుకున్నారు. మైకు పాడైందేమోనని ఒకాయన లేచి తట్టి చూశాడు. వెనక వరసలో కోచ్ మాత్రం తలొంచుకుని చెప్పు పట్టీ సరిచేసుకున్నాడు.

కమిటీ ఆ సలహాని మనస్ఫూర్తిగా ఒప్పుకుంది. మరుసటి ఏడు బాబాయ్ చోట కోచ్ వెళ్లాడు. అధ్యక్షుడి చోట అధ్యక్షుడే వెళ్లాడు.

బాబాయ్ ఇప్పుడు ఆదివారం పొద్దున్నే మునిసిపల్ ఈతకొలనుకి వెళ్తున్నాడు. పెద్దవాళ్లకి విడిగా తరగతి లేదు కాబట్టి పసిపిల్లలతోనే నిలబడాలి. గట్టు పట్టుకుని కాళ్లు కొట్టే పరీక్షలో ఇప్పటికి రెండుసార్లు తప్పాడు. పిన్ని తువ్వాలు ఒళ్లో పెట్టుకుని గట్టు మీద కూర్చుంటుంది. ఎవరైనా తెలిసినవాళ్లు పలకరిస్తే, మనవణ్ణి తీసుకొచ్చానని చెబుతుంది. మొన్నటి ఆదివారం ఆయన గట్టు వదిలి, కళ్లు గట్టిగా మూసుకుని, నోరు కూడా మూసుకుని, కొలనుకి అడ్డంగా సగం దూరం తేలుతూ వెళ్లాడు. ముందున్న పిల్లలు దారి ఇచ్చి పక్కకి జరిగారు.