మేక మెచ్చని మొక్కలు

ఈ పొద్దున తలుపు తీయగానే గోరింట పూల వాసన గుప్పున లోపలికి వచ్చింది. రాత్రి వాన పడింది. కిటికీ కింద పొద నిండా గుత్తులు, వాటి మీద తేనెటీగల రొద. మహబూబాబాద్‌లో మేముంటున్న ఈ ఇంటి గోడ వెంట ఆ పొద పెట్టింది నేనే. ఇది అద్దె ఇల్లు. ఒకప్పుడు అద్దె ఇంట్లో మొక్క పెట్టే మనిషిని కాను నేను. ఈ అలవాటు నాకు అంటించింది జనగామలో మా పక్కింటి హలీమా ఖాలా. ఖాలా అంటే పిన్నమ్మ.

నా చిన్నతనమంతా ఘనపూర్‌లో అద్దె ఇళ్ళలోనే గడిచింది. "ఎన్నడు ఖాళీ చెయ్యమంటరో ఎరుక లేని ఇంట్ల చెట్టు పెట్టొద్దు బిడ్డా, పొయ్యేనాడు పానం గుంజుతది" అనేవాడు బాపు. అందుకని దవాఖానలో నర్సు ఉద్యోగం చేస్తూ, ఎన్నో ఏళ్ళకు జనగామలో సొంత ఇల్లు కట్టుకున్నప్పుడు నేను చేసిన మొదటి పని ముందు గోడ వెంట మన్ను తవ్వించి గులాబీలు, మందారాలు పెట్టడం. ఫ్రిజ్ కూడా ఆ తర్వాతే వచ్చింది. డ్యూటీకి పోయేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి వాటి ముందు నిలబడేదాన్ని. నా గోడ, నా మన్ను అనుకుంటే కడుపు నిండిపోయేది.

ఒకరోజు వచ్చేసరికి గోడ వెంట పుల్లలు మాత్రమే మిగిలాయి. ఖాలా పెంచుకునే మేక గుడియా మొత్తం మేసేసి, తీరిగ్గా మా అరుగు మీద పడుకొని నెమరు వేస్తోంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పోయి ఖాలా తలుపు దబదబా కొట్టాను. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, మా గోడను చూసి, గుడియాను చూసి, నిదానంగా అంది: "తిన్నది బేటా. తప్పు దానిదే. గని మేక తినే మొక్క పెడితే, నువ్వు రోజూ కావలుండాలె. ఉంటవా?" క్షమించమని అడుగుతుందనుకుంటే నన్నే నిలదీసింది. వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. వారం రోజులూ ఆమె మా గోడ మీదుగా రొట్టెలు అందిస్తూనే ఉంది. కోపం ఉన్నా రొట్టెలు తిన్నాను, అవి బాగుండేవి.

అంతలోనే నాకు భూపాలపల్లికి బదిలీ అయింది. ఇంటిల్లిపాదీ కదలాలి. ఇంటికి తాళం వేసి, వీలైనప్పుడు వచ్చి చూసుకోవాలి. ఇల్లు ఎక్కడికీ పోదు సరే, గోడ వెంట మళ్ళీ పెడదామనుకున్న మొక్కలకు నీళ్ళెవరు పోస్తారు? నా బతుకులో మొదటిసారి నాదంటూ దొరికిన మన్ను బోడిగా ఉండిపోతుందని మెట్ల మీద కూర్చొని ఏడ్చాను. ఖాలా వచ్చి పక్కన కూర్చుంది. "నీళ్ళు అడగనిది, కావలి అడగనిది పెడదాం. ఏదో గుడియా చెప్తది" అంది.

మర్నాడు కాలనీ అంతా తిరిగి కొమ్మలు తెచ్చింది. మేకకు పొద్దుటి మేత వేయకుండా, మా వాకిట్లో వాటిని వరసగా పరిచింది. గన్నేరు మాత్రం ముట్టనివ్వలేదు, "జహర్ అది, విషం, నోరులేని దానికి పరీక్షకు గూడ పెట్టొద్దు" అంది. గుడియా మందారాన్ని కరకరా నమిలింది, కాగితపూల కొమ్మను ముళ్ళతో సహా లాగించింది. నందివర్ధనం వాసన చూసి తుమ్మింది. గోరింటను కాస్త కొరికి వదిలేసింది. తంగేడు వైపు కన్నెత్తి చూడలేదు. "పాసైనయి" అంది ఖాలా. "గోడకు మూర దూరం ఇడిచి పెట్టు. సున్నం వేసేటోడు తిట్టొద్దు గదా."

తంగేడు అనగానే ఎదురింటి అక్క పకపకా నవ్వింది. "చెలకల పిచ్చిగ మొలిచేదాన్ని ఎవరన్న వాకిట్ల పెడ్తరా?" అంది. ఖాలా పంతం కొద్దీ నన్ను వెంటబెట్టుకొని చిల్పూర్ గుట్ట కింది నుంచి రెండు మొక్కలు పెకిలించుకొచ్చింది. "వానకాలంల రాయి పాతినా చిగురిస్తది" అని గొప్పలు పోయింది. రెండూ వడలిపోయాయి. తల్లివేరు తెగితే అది బతకదని ఇద్దరికీ తెలియదు. "ఓడినవు ఖాలా" అన్నాను. "నేనెక్కడ ఓడిన? గడ్డపార ఓడింది" అంటూ ఈసారి కాయలు తెచ్చి, గింజలు వేడినీళ్ళలో నానబెట్టి చల్లింది. మేము భూపాలపల్లి వెళ్ళిపోయాం. రెండో ఏడు బతుకమ్మకు వచ్చి చూస్తే గోడంతా తంగేడు పసుపు. నవ్విన ఎదురింటి అక్కే బతుకమ్మ పేర్చే పూల కోసం ముందుగా తాంబాళం పట్టుకొని వచ్చింది. ఖాలా అక్కడే స్టూలు వేసుకొని, "జర ఇడిచిపెట్టుండ్రి, అందరికీ కావాలె" అని పంపకం చేస్తోంది. ఆరోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఆ పండుగ వెళ్ళిన కొన్నాళ్ళకే ఖాలా ఇల్లు ఖాళీ చేసింది. ఓనరు అమ్ముకున్నాడట. కబురు తెలిసి, ఆమె సామాను సర్దే రోజుకు వచ్చాను. అది అద్దె ఇల్లని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ గోడ చుట్టూ ఆమె పెంచని పువ్వు లేదు, పెళ్ళయి వచ్చిన ఏడు నాటిన గోరింట నా కంటే ఎత్తుంది. బాపు చెప్పిన మాట చెప్పి, "గివన్నీ ఇడిచి ఎట్ల పోతవు ఖాలా?" అన్నాను.

"మీ బాపు మంచిమాటే చెప్పిండు. పానం గుంజుతది, అబద్ధమెందుకు" అంది. "గని పువ్వుకు ఇల్లెవరిదో ఎరుకనా బేటా? ఉన్నన్ని దినాలు నాకు పూసింది. ఇగ వచ్చేటోళ్ళకు పూస్తది." రెండు గోరింట కొమ్మలు విరిచి నా చేతిలో పెట్టింది. "భూపాలపల్లిల పెట్టు."

"అది కిరాయి ఇల్లు ఖాలా."

"అయితే ఏంది?"

కొమ్మలను తడిగుడ్డలో చుట్టుకున్నాను. గుడియాను ఆటో ఎక్కించడానికి ఆటో అతనితో కలిపి ముగ్గురం తంటాలు పడ్డాం. ఖాలా కూతురింటికి వెళ్ళింది, అక్కడే కొన్నాళ్ళకు కన్నుమూసింది. ఆ కొమ్మలు భూపాలపల్లిలో పొదలయ్యాయి. అక్కడి నుంచి బదిలీ మీద వచ్చేటప్పుడు విరిచి తెచ్చిన కొమ్మే ఈ కిటికీ కింద పూస్తున్నది.

వచ్చే నెల ఈ ఇల్లు కూడా ఖాళీ చేయాలి. పొద్దున ఆ పొద దగ్గర నిలబడితే పానం గుంజిన మాట నిజం. బాపును తలచుకున్నాను. ఆ తర్వాత మన్ను ఎలాగూ తడిగా ఉంది కదా అని జనగామ గోడ దగ్గర ఏరుకొచ్చి రాత్రే నానబెట్టిన తంగేడు గింజలు తెచ్చి, గోడకు మూర దూరంలో, రాబోయేవాళ్ళ కోసం నాటి వచ్చాను.