ఫోను దగ్గరే ఉండమన్నాను

గనుల రెస్క్యూ స్టేషన్‌లో ఫోను ఎత్తడం నా ఉద్యోగం. మణుగూరు చుట్టుపక్కల బొగ్గు గనుల్లో మంట లేచినా, పైకప్పు కూలినా, లోపల గాలి చెడినా ఆ కబురు మొదట నా చెవిలోనే పడేది. మా ఆయన ఆరోగ్యం పాడై గనిలో పని మానేస్తే, ఆయనకు బదులుగా ఈ ఉద్యోగం నాకు వచ్చింది. చేరిన రోజే, నేను వింటుండగానే, జట్టు కెప్టెన్ పక్కవాడితో అన్నాడు: "ఫోన్ ఎత్తుడే కదా, ఎవలైనా ఎత్తుతరు తీ." తర్వాత ఎన్నో ఏళ్లకు ఆయన రిటైరైతే సభలో దండ వేసింది నేనే. వేస్తున్నంతసేపూ ఆ మాటే తలుచుకున్నాను.

అయినా ఆ గది అంటే నాకు ఇప్పటికీ ప్రాణం. కిటికీ బయట తీగ మీద కడిగి ఆరేసిన మాస్కులు, వాటి రబ్బరు వాసన, షెడ్డులో సిలిండర్లు సర్దుతున్న చప్పుడు. పొగ గదిలో ప్రాక్టీసు చేసి కళ్లు ఎర్రబడి వచ్చిన వాళ్లు నా రిజిస్టర్ మీదే టీ గ్లాసులు పెట్టేవాళ్లు. మరకలు పడేవి. తిట్టేదాన్ని. "అక్క తిట్టకుంటే డ్యూటీ ఎక్కినట్టే ఉండది" అని నవ్వేవాళ్లు. పాల్వంచలో ఇప్పుడు నేనుంటున్న ఇంట్లో గ్లాసు ఎక్కడ పెట్టినా తిట్టడానికి ఎవరూ లేరు.

కాల్ వస్తే ఒక పద్ధతి ఉండేది, కార్డు మీద అచ్చువేసి ఫోను పక్కనే పెట్టారు. ఎవరు, ఎక్కడి నుంచి, ఏమైంది, లోపల ఎంతమంది. అడిగి రాసుకోవాలి, రాసింది తిరిగి చదివి వినిపించాలి, ఆ తర్వాత గంట కొట్టాలి. అన్నిటికంటే గట్టి నియమం చివరిది: మా బండి చేరేదాకా పిలిచిన మనిషి ఫోను దగ్గర నుంచి కదలకూడదు. గనిలో ఫోను గోడకు బిగించి ఉంటుంది. దారి మా వాళ్లకు కళ్లు మూసుకున్నా తెలుసు. లోపలి సంగతి మాత్రం ఆ మనిషే చెప్పాలి. అందుకే "ఫోను దగ్గరే ఉండు" అన్న మాట నా నాలుకకు అంటుకుపోయింది.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం సెల్‌ఫోను నుంచి కాల్ వచ్చింది.

"మేడం, మా అన్న ఇరుక్కున్నడు. మేకపిల్ల పడ్డదని లోపలికి దిగిండు, బండ జారి కాలు మీద పడ్డది."

"ఏ గని?" అన్నాను అలవాటుగా.

"గని గాదు మేడం, గుహ. అడివిల గుట్ట మీద. నేను మునుపు గనిల కాంట్రాక్టు పని చేసిన, గప్పటి నంబర్ ఇది. మేం గుంజితె బండ కదుల్తలేదు."

సూపరింటెండెంట్‌కు చెప్పాను. ఆయన, "సరే, పంపు. గుహైనా గనైనా పద్ధతి పద్ధతే. లైన్ తెగొద్దు" అన్నాడు. గంట కొట్టాను. బండి వెళ్లిపోయింది. తారు రోడ్డు ఎక్కడ వదలాలో, ఏ కల్వర్టు దగ్గర బండ్ల బాట పట్టాలో అతను చెప్తుంటే రాసి, రెండో ఫోనులో కెప్టెన్‌కు చెప్పాను. ఆ తర్వాత అతనితో అన్నాను:

"తమ్మీ, ఫోను దగ్గరే ఉండు. ఎటూ కదలకు."

"కదల మేడం."

మధ్యలో అడిగాను, మీ అన్న మాట్లాడుతున్నాడా అని. "మా వదిన గుహ కాడ కూసున్నది. నాకు ఈడికి ఇనబడది" అన్నాడు. అప్పుడే నాకు వెలగాల్సింది. వెలగలేదు.

ఇంకో ఫోను మోగింది. కెప్టెన్. "కల్వర్టు దాటినం. ఈడ మూడు బాటలున్నయ్. రెండిట్ల పోయి మళ్లొచ్చినం. మనిషి జాడ లేదు. దారి చూపెటోడేడమ్మా?"

"ఫోను దగ్గరున్నాడు."

"ఏ ఫోను?"

అతణ్ని అడిగాను, నువ్వెక్కడున్నావని.

"గుట్ట కొనకు, బండ మీద. సిగ్నల్ గీడనే ఉంటది. మీ బండి హారన్ రెండు మూడు సార్లు ఇనబడ్డది మేడం. మీరు కదలొద్దన్నరు గదా, కదల్లే."

అప్పటికి ముప్పావు గంట గడిచింది. ఆ గుట్ట దారి తెలిసి, చేతులు ఖాళీగా ఉన్న ఒకే ఒక్క మనిషిని నేను బండ మీద కూర్చోబెట్టాను.

"దిగి ఉరుకు. రోడ్డు మీదికి ఉరుకు."

"లైన్ కట్ అయితది మేడం. మళ్ల మీరే అంటరు..."

"నేనే చెప్తున్న గదయ్యా! కట్ చేసి ఉరుకు!"

లైన్ పోయింది. తర్వాత రెండు గంటలు ఏ ఫోనూ మోగలేదు. పొద్దు వాలుతుండగా కెప్టెన్ గొంతు వినిపించింది. "తీసినం. మాస్కుల పెట్టెలు ఆ సందుల పట్టలే, తాడు, గడ్డపారతోనే దిగినం. మనిషి మాట్లాడుతుండు. కాలే బాగలేదు, దవాఖానకు తీస్కపోతున్నం. మేకపిల్లకు మాత్రం ఏం కాలే, దాని అరుపుకు మా చెవులు పోయినయ్." టేబుల్ మీద తల పెట్టి నవ్వాను, ఏడ్చాను.

వారం తిరక్కుండా పై ఆఫీసు నుంచి మెమో వచ్చింది. బృందం చేరకముందే లైన్ ఎందుకు కట్ చేయించారు, అని. ఎందుకో రాశాను. దాని కిందే ఇంకో వాక్యం రాశాను: అసలు తప్పు కట్ చేయించడం కాదు, ముప్పావు గంట ముందే చేయించకపోవడం, ఆ తప్పు నాది. సూపరింటెండెంట్ ఆ వాక్యాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేశాడు.

"గిది నిన్నెవలన్న అడిగిండ్రా? సిగ్నల్ లేక కట్ అయిందని రాయి. నీ మంచికే చెప్తున్న."

"సిగ్నల్ ఉంది సార్. నేనే కట్ చెయ్యమన్న."

"ఏం మొండిదానివమ్మా నువ్వు!"

ఆయన మార్చి రాయించిన కాగితం మీద నేను సంతకం పెట్టలేదు. ఆ తర్వాత నాకు రావలసిన ప్రమోషన్ ఎందుకు రాలేదో ఆయనకు తెలుసు, నాకూ తెలుసు.

ఒక ఆదివారం బస్సెక్కి భద్రాచలంలో దవాఖానకు వెళ్లాను. గుహలో ఇరుక్కున్న అన్న పాదంలో రెండు వేళ్లు తీసేశారు. తమ్ముడు నన్ను చూసి, "అన్నా, ఫోన్‌ల మేడం ఈమెనే, నిన్ను బతికిచ్చింది" అన్నాడు. వాళ్ల వదిన నా కాళ్లకు దండం పెట్టబోతే ఆపాను. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని మొత్తం చెప్పాను. బండ మీద తమ్ముణ్ని ఎందుకు ఆపానో, బండి ఎంతసేపు తిరిగిందో.

తమ్ముడు అడ్డుపడ్డాడు. "గట్లనకుండ్రి మేడం, గదంతా మా రాత."

అన్న మాత్రం కట్టు కట్టిన పాదం వైపు చూశాడు. నా వైపు తిరిగి అన్నాడు.

"అవ్. మస్తు సేపు మీ బండికి ఎదురుచూసిన నేను. ఇంకెవలకు గట్ల చెయ్యకుండ్రి."

"చెయ్యను" అన్నాను.

మర్నాటి నుంచి, ఏ కార్డులోనూ లేకపోయినా, గని కానిచోటు నుంచి ఎవరు ఫోన్ చేసినా మొదట ఇదే అడిగేదాన్ని, పేరు కంటే ముందు: దారి చూపే మనిషి రోడ్డు మీద ఉన్నాడా?