కాలవ వైపు అద్దం

పెద్ద కారు కొనాలన్నది మా ఆయన మోజు కాదని నాకు మొదట్నుంచీ అనుమానమే. నిరుడు మా వీధిలో ఒకాయన కారుతో సహా కాలవలో పడి చనిపోయాడు. క్రేనుతో పైకి తీసినప్పుడు నాలుగు డోర్లూ వేసినవి వేసినట్టే ఉన్నాయట. మా ఆయన గట్టు మీదే నిలబడి చూశారు. ఇంటికొచ్చి, స్నానం చేసి, అన్నం తినకుండా పడుకున్నారు. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఫోన్లో పెద్ద కార్ల వీడియోలు చూడటం మాత్రం ఆ వారమే మొదలైంది.

మా రొయ్యల చెరువులకి ఆ గట్టే దారి. ఒకవైపు కాలవ, ఒకవైపు చేలు, మధ్యలో కారు పట్టేంత తారు. ఆయన రోజూ పొద్దునా సాయంత్రం వెళ్లి రావాలి. వచ్చి గేటు తీసిన చప్పుడు వినబడేదాకా పొయ్యి మీదది మాడిపోతున్నా నాకు తెలియదు. మా వైపు ఒక అలవాటుంది. గట్టెక్కగానే కారు అద్దాలు దించేస్తారు. ఏసీ ఉన్నా సరే, వానలో అయితే కాలవ వైపుది ఒక్కటైనా సరే. ఎందుకో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

ఆయన రెండు కార్లు మనసులో పెట్టుకున్నారు. రెండూ మూడు వరసల సీట్లవే, రెండూ మా వంటింటికంటే పొడుగు. తేడా అంతా కట్టడంలో ఉందట. మొదటిదానికి కింద నిచ్చెనలాంటి ఉక్కు చట్రం వేసి, బాడీని దాని మీద బిగిస్తారు. రెండోదానికి చట్రం, బాడీ వేరు కాదు, అంతా కలిపి ఒకే పెట్టెలా అతికేస్తారు.

“ఒకటి పిల్లర్ల మీద ఇల్లు, ఇంకోటి గోడల మీద ఇల్లు అనుకో,” అన్నారు. “పిల్లర్లదే గట్టి. బరువూ దానిదే. బరువుంటే రోడ్డుని పట్టుకుని ఉంటుందే.”

పిల్లర్లతో నాకు పేచీ లేదు. నా ప్రశ్న ఒక్కటే. రాజమండ్రిలో మొదటి కారు షోరూములో కాఫీ ఇచ్చి, సీట్ల తోలు తడిమి చూపిస్తున్న సేల్స్ ఆయన్ని అడిగేశాను.

“ఇది కాలవలో పడితే అద్దం దిగుతుందాండి?”

సేల్స్ ఆయన బ్రోషరు తెరిచాడు. “ఎయిర్‌బ్యాగులు చాలా ఉన్నాయండి మేడమ్,” అన్నాడు.

“వాటి సంగతి కాదండి. అద్దం సంగతి.”

“ఏంటే ఆ మాటలు, శుభమా అని కారు చూడ్డానికొస్తే,” అని మా ఆయన గొంతు తగ్గించి విసుక్కున్నారు.

నేను ఊరుకునే రకం కాదు. సంచిలోంచి సుత్తి తీసి చూపించాను. అద్దాలు పగలగొట్టడానికని ఆన్‌లైన్లో తెప్పించుకున్న చిన్న సుత్తి. దాన్ని చూడగానే సేల్స్ ఆయనకి హుషారొచ్చింది. “ఈ అద్దం దానికి లొంగదండి. రెండు పొరల మధ్య ఫిల్ము పెట్టి అతికించారు, బయటి చప్పుడు రాకుండా. ఎంత కొట్టినా నెర్రెలిస్తుంది గానీ ఊడదు,” అన్నాడు గొప్పగా. నేను సుత్తి మళ్లీ సంచిలో పెట్టేశాను. మా ఆయన మాత్రం డోరు తీసి వేసి, ఆ చప్పుడుకి మురిసిపోయి, “బీరువా తలుపులా ఉంది,” అన్నారు.

కాలవలకి నీళ్లు వదిలిన కొత్తలో సేల్స్ ఆయన నడిపి చూడమని ఆ కారుని మా ఊరే తెచ్చాడు. మా ఆయన నడుపుతున్నారు, పక్కన సేల్స్ ఆయన, ఆయన వెనకాల కాలవ వైపు నేను. గట్టెక్కగానే మా ఆయన చెయ్యి అలవాటుగా అద్దం బటన్ మీదకి వెళ్లింది.

“దించకండి సార్. ఆ నిశ్శబ్దం చూడాలి మీరు,” అన్నాడు సేల్స్ ఆయన.

మొహమాటపడి చెయ్యి తీసేశారు. నిశ్శబ్దం నిజమే. పక్కనే కాలవ పారుతోంది, చప్పుడు లేదు. నా చెవులెవరో మూసేసినట్టుంది. ఆ ఎత్తు నుంచి దూరంగా కొబ్బరితోటలు కనబడుతున్నాయి గానీ రోడ్డు అంచు కనబడటం లేదు. పాత కారులో అయితే గడ్డి అంచు చూసుకుంటూ నడిపేవారు. ఇప్పుడు మంచమంత బానెట్ అడ్డం.

ఎదురుగా కొబ్బరికాయల ట్రాక్టరు వచ్చింది. దారివ్వడానికి ఎడమకి తీశారు. వేసవిలో కాలవ తవ్వి తీసిన పూడిక మట్టి అక్కడ పోసి ఉంది. పైన ఎండి పెచ్చు కట్టి రోడ్డులాగే ఉంటుంది, లోపలంతా బురద. దాని మీద చక్రం పెట్టకూడదని మా ఊళ్లో సైకిలు తొక్కేవాళ్లకి కూడా తెలుసు. ఆయనకీ తెలుసు. అంతెత్తు నుంచి కనబడలేదు. ముందు చక్రం దిగబడింది, వెంటనే వెనకది. రోడ్డుని పట్టుకుని ఉంటుందన్న ఆ బరువంతా మెల్లగా కాలవ వైపు ఒరిగింది.

నా అద్దంలో ఆకాశం పోయి నీళ్లు వచ్చాయి. సేల్స్ ఆయన “సార్, సార్” అంటున్నాడు. మా ఆయన బ్రేకు మీంచి కాలు తియ్యకుండా అద్దాలన్నీ దించేశారు. కాలవ చప్పుడు ఒక్కసారిగా లోపలికొచ్చింది. కారు ఇంకా జారలేదు. ఆయన హ్యాండ్‌బ్రేకు వేసి, పైకి లేచిన తన డోరుని భుజంతో నెట్టుకుని బయటపడ్డారు. కిటికీలోంచి దూరే ఒళ్లు కాదు నాది. సీటు మీద పాకుతూ అవతలి డోరు నెట్టాను. బీరువా తలుపు, కదల్లేదు. ఆయన బయట్నుంచి లాగి, వీపు ఆనించి పట్టుకుని, “రా, నెమ్మదిగా రా,” అన్నారు. నా వెనకే సేల్స్ ఆయన వచ్చాడు.

ట్రాక్టరు వాళ్లు తాడు కట్టి కారుని రోడ్డు మీదకి లాగారు. సేల్స్ ఆయన దాని చుట్టూ తిరిగి గీతలు చూసుకుంటున్నాడు. మా ఆయన గడ్డిలో కూర్చున్నారు.  పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను.

“నిరుడు మన వీధాయన కారు తీసినప్పుడు చూశానే,” అన్నారు కాలవ వంకే చూస్తూ. “డోరుకి లోపలి వైపు తన్నిన గుర్తులున్నాయి. అద్దం మీద చేతి మరకలు. నీకు చెప్పలేకపోయాను.”

ఏడాదిగా భయం నా ఒక్కదానిదే అన్నట్టు ఆయన్ని సతాయించాను. అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

తర్వాతి వారం రెండో కారు షోరూముకి వెళ్లాం. అక్కడా కాఫీ తెచ్చారు. మా ఆయన కప్పు ముట్టుకోలేదు, సీట్లూ చూడలేదు. కాలవ వైపుకొచ్చే ఎడమ డోరు దగ్గరికెళ్లి, అద్దం మీద వేలితో కొట్టి, నాకంటే ముందు ఆయనే అడిగారు.

“నీళ్లలో పడితే ఇది దిగుతుందాండి? పోనీ, పగులుతుందా?”

నేను సంచిలో సుత్తి పట్టుకుని, ఆయన పక్కన నిలబడి, జవాబు కోసం చూశాను.