వాల్యుయేషన్ నాడు పారిన బోరు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. పాపం, వాళ్ల కాలంలో బ్యాంకులు లేవు. ఉంటే ఇంటి అప్పును ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు మార్చి చూడు అని కూడా అనేవాళ్లు. నేను మార్చి చూశాను, మునిగాను. అదీ చుక్క నీరు దొరకని అనంతపురంలో!

కొత్త బ్యాంకులో వడ్డీ తక్కువ. నెల కంతులో మిగిలే డబ్బుతో మోటారు కుట్టుమిషను కొనుక్కోవాలని మా ఆవిడ సుజాత ఆశ. కాగితాలన్నీ సిద్ధం. ఇంటి విలువ కట్టే ఇంజనీరు వచ్చి చూసిపోతే, ఇక సంతకాలే.

నాకు గుబులు పట్టుకుంది. మా ఊళ్లో ఇల్లు చూడవచ్చినవాడు ముందు బోరు సంగతే అడుగుతాడు. మా బోరు ఎండాకాలం వస్తే గాలి తప్ప ఇంకేమీ ఇవ్వదు.

"అడిగితే ఉన్నమాట చెప్పరాదా?" అంది సుజాత.

"నీకు తెలీదులే. బోరు ఎండిందంటే ఇంటికి రేటు యాడుంటాది? అప్పు ఇయ్యరు."

పొద్దున్నే ట్యాంకరు ఓబులేసును పిలిచి సంపు నిండా నీళ్లు పోయించాను. సంపు మోటారు నుంచి పైపు లాగి, పూలకుండీల వెనకగా తిప్పి, బోరు గొట్టానికి కలిపాను. ఆ తెలివి చదువుకునే రోజుల్లో ఉండుంటే కలెక్టరునయ్యేవాణ్ణి.

ఇంజనీరు వచ్చాడు. గోడలు కొలిచాడు, ఫొటోలు తీశాడు, చెప్పులేసుకున్నాడు. బోరు మాటే ఎత్తలేదు. నోరు మూసుకోవచ్చు కదా? ట్యాంకరు దండగవుతుందన్న బాధ నన్ను ఊరుకోనివ్వలేదు.

"సార్, మా బోరు చూడనేలేదే!"

"దాంతో మాకు పనిల్యాదన్నా. స్థలం, గోడలు, అంతే."

"అట్లంటే ఎట్లా సార్? ఒక్కసారి చూడండి!"

స్విచ్చి వేశాను. నీళ్లు ధారకట్టాయి. ఇంజనీరు చెయ్యిపెట్టి చూశాడు, మొహం కడుక్కున్నాడు.

"ఎండాకాలంలో ఇట్ల పారతాందా! గంగమ్మ మీ ఇంట్లోనే కాపరం పెట్టినట్టుండాదే!"

"ఏడాది పొడుగునా ఇట్లే సార్" అన్నాను మీసం దువ్వుకుంటూ. వెనక సుజాత దగ్గింది. ఆ దగ్గుకు అర్థం నాకు తెలుసు. తెలిసే ఇంకోటి కలిపాను: "వీధికంతా మేమే ఇస్తాండాం."

"పైన పోర్షను ఖాళీగా ఉండాది కదన్నా? నీళ్లు లేక మేము శానా తిప్పలు పడతాండాము. మీ సంతకాలు అయిపోనీ, మేము వచ్చి దిగిపోతాం."

రిపోర్టు ఆయన చేతిలో ఉంది. కాదనడానికి నోరెక్కడిది?

సంతకాలయ్యాయి, కంతు తగ్గింది. ఆదివారం ఇంజనీరు దిగాడు: భార్య, అత్తమామలు, వాషింగ్ మెషీను సమేతంగా.

ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారట. నేను నింపిన సంపులో నేను పడ్డాను. ఆయనిచ్చే అద్దె, కంతులో నాకు మిగిలే డబ్బు, రెండూ ఓబులేసుకే పోతున్నాయి.

మొన్న ఇంజనీరు మిద్దె మీద నుంచి తొంగిచూశాడు. "బోరు అంత పారతాంటే ట్యాంకరెందుకన్నా?"

"పూలకుండీలకు సార్. మా బోరు నీళ్లు పూలకు పడవు."

లోపల సుజాత పాత మిషను తొక్కుతూ మళ్లీ దగ్గింది.

కావున పాఠకులారా, ఎండిన మా బోరు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను: అడగనివాడికి ఈ జన్మలో ఇంకేదీ చూపించను.