ఓబులేసు దప్పి

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, నన్ను జిల్లాలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రి డయాలసిస్ విభాగానికి సీనియర్ టెక్నీషియన్‌గా వేశారు. ఐదు యంత్రాలు, రోజుకు మూడు షిఫ్టులు. మూత్రపిండాలు పనిచేయని వారి రక్తాన్ని వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటల పాటు యంత్రం కడుగుతుంది. ఆరోగ్య పథకం కింద రోగి ఏమీ కట్టనక్కర్లేదు.

ఈ పని తూకంతో మొదలవుతుంది. ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువును డ్రై వెయిట్ అంటాం. వచ్చిన రోజు బరువు దానికన్నా ఎంత ఎక్కువుంటే అంత నీరు తీయాలి. మూత్రం రాదు గనుక తాగిందంతా ఒంట్లోనే నిలుస్తుంది. రోజుకు మూడు గ్లాసులు దాటొద్దని చెబుతాం.

మా రోగుల్లో ఓబులేసు పామిడి వైపు మనిషి. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేలల్లో నడిచి, అది లేచి నిలబడిన చోట బోరు వేయమనేవాడు. నీళ్లు పడితే మొదటి దోసిలి అతనిది. తాగి, తీపో ఉప్పో చెప్పాలి. మా దగ్గరికి ప్రతిసారీ నాలుగు కిలోలు ఎక్కువతో వచ్చేవాడు. పక్క మంచంలో ఉండే లక్ష్మమ్మ ధర్మవరంలో పట్టుచీరలు నేసిన మనిషి. అతని తూకం విని, "ఏమప్పా ఓబులేసూ, బోరు చేన్లో వేస్తివా, కడుపులో వేస్తివా?" అనేది.

"చేన్లో పడలేదక్కా, ఈడన్నా పడనీ" అనేవాడు.

యంత్రం తిరుగుతున్నంతసేపూ కళ్లు మూసుకుని నీళ్ల గురించే చెప్పేవాడు. గుమ్మఘట్ట దగ్గర ఒక బోరు నీళ్లు బెల్లం తగిలినట్టుంటాయట. గోరంట్ల వైపు బండ కింద పడినవి పంటికి జివ్వుమంటాయట. చెంబు నిండా, గుక్క తిప్పుకోకుండా, ఒక్కసారి తాగితే చాలట.

నాకు ఒళ్లు మండేది. కొబ్బరికాయకు భూగర్భం కనిపించదని, మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా జరిగే సభల్లో వాదించి వచ్చినవాణ్ణి. ఆ మొదటి దోసిలి ఆచారమే ఇతని బరువు పెంచుతోందని తేల్చేశాను. నెలకు ఎన్ని బోర్లు పడతాయని మాత్రం అడగలేదు.

మూడు నెలల తర్వాత ఒక ఉదయం అతన్ని కూర్చోబెట్టే తీసుకొచ్చారు. పడుకుంటే ఊపిరాడటం లేదు. నీరు ఊపిరితిత్తుల్లోకి చేరింది. అతని వంతు కాకపోయినా వెంటనే యంత్రానికి కలిపాం. అతను తేరుకున్నాక అందరి ముందూ అరిచాను. నీ మూఢనమ్మకమే నిన్ను చంపుతుందన్నాను.

అతను నెమ్మదిగా అన్నాడు: "దోసిలితో నాలుగు కిలోలు వస్తాదా సార్? నెలకొక బోరు పడితే గొప్ప. నేను తాగేది ఇంట్లోనే. మీ మిషన్ దిగి బస్సెక్కినప్పట్నుంచి నాలుక అట్ట మాదిరి అయితాది. ముందు ఇంత లేకుండె. నమ్మకం కాదు సార్, దప్పి."

లెక్క అతనిదే సరైనది. అతని ఫైలు, లక్ష్మమ్మ ఫైలు పక్కపక్కన పెట్టి చూశాను. అదే ఎండ, అవే యంత్రాలు. ఒక్క గడిలో తేడా ఉంది. రక్తాన్ని కడిగే ద్రావకంలో ఉప్పు, అంటే సోడియం, ఎంత ఉండాలో డాక్టరు రాస్తారు. నేను చేరిన వారంలో ఓబులేసుకు మధ్యలో రక్తపోటు పడిపోతుంటే, కొద్ది రోజుల కోసం దాన్ని పెంచారు. పోటు నిలబడింది. ఉప్పు రక్తంలో చేరి దప్పి పుట్టింది. దప్పికి తాగాడు. తాగిందంతా తీస్తుంటే పోటు మళ్లీ పడింది. ఆ గడిలో మూడు నెలలూ "అదే", "అదే" అని రాసి ఉంది. చేతిరాత నాది. పాతదాన్ని ప్రశ్నించకుండా మళ్లీ మళ్లీ చేయడాన్నే ఆచారం అంటారని సభల్లో చెప్పినవాణ్ణీ నేనే.

సోడియం మార్చే అధికారం టెక్నీషియన్‌కు లేదు. శుక్రవారం వచ్చే కిడ్నీ డాక్టరు ముందు రెండు ఫైళ్లూ పెట్టి, పొరపాటు నాదని చెప్పాను. ఆయన ఉప్పును మెల్లగా దించారు. పోటు పడకుండా ప్రతిసారీ అరగంట ఎక్కువ నడపమన్నారు. నెల తిరిగేసరికి ఓబులేసు రెండు కిలోల పెరుగుదలతో వస్తున్నాడు.

జరిగింది అతనికి చెప్పాను. "అట్లయితే మీరు వేసింది ఉప్పు బోరు సార్" అన్నాడు. లక్ష్మమ్మ ట్యూబు కదిలేంతగా నవ్వింది.

కొబ్బరికాయ నీళ్లు చూపిస్తుందని నేను ఇప్పటికీ ఒప్పుకోను. అతనికీ అదే చెప్పాను. అతను దప్పి తగ్గిందన్నాడు. అయినా యంత్రం మీద కళ్లు మూసుకుని, తాగలేని నీళ్లను ఊరి పేరుతో సహా ఒక్కొక్కటే తలచుకునేవాడు. ఆ ఆశకు మా దగ్గర మందు లేదు. దప్పికి మాత్రం కారణం ఉంది, అది మూడు నెలలు నా కళ్ల ముందే ఉంది. రోగి నమ్మేది తప్పైనా, రోగి చెప్పేది సాక్ష్యమే. ఈ రెంటినీ వేరుచేసి వినడం నేను సభల్లో నేర్చుకోలేదు, ఆ మంచం పక్కన నేర్చుకున్నాను.